చంద్రుడి మీద భూమి ఉదయించదండీ

"సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లకి పాఠకుల మాటలు ఎక్కువ పనికొస్తాయా, విమర్శకుల సమీక్షలా?" అని అడిగారు. పాఠకులవే. అందులోనూ తప్పులు పట్టే పాఠకులవి. మెచ్చుకున్నవాళ్ల వల్ల నా కథల్లో ఇంతవరకూ ఒక్క వాక్యం కూడా బాగుపడలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక కథ రాశాను. చంద్రుడి మీద ప్లేటో అనే బిలం ఉంది, దాని అంచున ఒక కాలనీ. అక్కడ పనిచేసే ఒకావిడ కొడుకుని భూమ్మీద వదిలి వచ్చింది. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, భూమి ఉదయించాక, ఒకసారి కళ్లారా చూసుకుని పనిలోకి వెళ్తుంది. చివర్లో ఆవిడ చనిపోయిన మర్నాడు కూడా ఆ ఖాళీ కిటికీలో భూమి ఉదయిస్తుంది. రాస్తుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. అలా తిరిగినచోట ఇంకోసారి చూసుకోవాలని అప్పటికి తెలీదు.

పేరున్న సమీక్షకుడొకరు ఆ కథ మీద పేరాన్నర రాశారు. ఉదయించే భూమి మాతృత్వానికి ప్రతీక అన్నారు. వలస బతుకుల్లో మిగిలిన ఆశ అన్నారు. "సైన్స్ నేపథ్యం ఉన్నా మానవీయమైన కథ" అని ముగించారు. ఆ "ఉన్నా" అప్పుడు కనపడలేదు, పొంగిపోయి కత్తిరించి దాచుకున్నాను. ఇప్పుడు మాత్రం గుచ్చుకుంటుంది. జ్వరం ఉన్నా ఆఫీసుకి వచ్చాడన్నట్టు!

వారం తిరక్కుండా ఒక మెయిల్ వచ్చింది. డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్న అమ్మాయి. "కథ బాగుందండీ. కానీ చంద్రుడి మీద భూమి ఉదయించదండీ. ఉన్నచోటే ఉంటుంది." అంతే, మూడు వాక్యాలు.

నాకు ఒళ్లు మండింది. 1968 డిసెంబరులో అపోలో 8 వ్యోమగాములు తీసిన ఫొటో ప్రపంచమంతా చూసింది కదా, చంద్రుడి అంచు మీదుగా భూమి పైకి వస్తున్నది! ఆ ఫొటో జతచేసి, కాస్త వెటకారంగానే జవాబిచ్చాను. పది నిమిషాల్లో తిరుగు మెయిల్: "వాళ్లు చంద్రుడి చుట్టూ తిరుగుతున్నారండీ. మీ కథలో ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఉంది."

"కథకుడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉంటుందమ్మా" అని రాశాను. దానికి ఆ అమ్మాయి జవాబివ్వలేదు. ఇచ్చి ఉంటే ఇంకో వారం వాదించేవాణ్ణి.

ఆ రాత్రి హాల్లో ఒక కుర్చీ వేసి, ముఖం దానివైపే పెట్టి చుట్టూ తిరిగాను. కుర్చీ భూమి, నేను చంద్రుణ్ణి. ఒక చుట్టు, రెండు చుట్లు. గోడలు మారుతున్నాయి, కిటికీ వచ్చిపోతోంది, కుర్చీ మాత్రం నా ముక్కుకి ఎదురుగా కదలకుండా ఉంది. చంద్రుడు తన చుట్టూ తాను తిరగడానికీ భూమిని చుట్టిరావడానికీ పట్టే కాలం ఒకటే, 27 రోజుల పైచిలుకు. చిన్నప్పుడు బట్టీపట్టిందే. ఒంటికి ఎక్కింది మాత్రం ఆ రాత్రే. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి "టెన్షనా?" అని అడిగింది. అవునన్నాను.

ఒక దొంగదారి కూడా వెతికాను. చంద్రుడు కొద్దిగా ఊగుతాడు కాబట్టి, మనకి కనిపించే వైపు అంచుల్లో భూమి దిగంతం మీద కాస్త పైకీ కిందికీ కదులుతుంది. కాలనీని అక్కడికి మార్చేద్దామనుకున్నాను. కానీ ఆ ఊగడం ఒక చుట్టు పూర్తవడానికి దాదాపు నెల పడుతుంది. "రోజూ పొద్దున్నే" కుదరదు.

ఇక కథ తిరగరాశాను. ఈసారి భూమి కిటికీలోంచి కదలదు. మనకి చంద్రుడు కనిపించేదానికి దాదాపు నాలుగింతల వెడల్పున, దక్షిణాన, మేకు కొట్టినట్టు ఉంటుంది. ఆవిడకి ఎదురుచూపు లేదు, తప్పించుకునే దారీ లేదు. భూమి ఉన్నచోటే తన చుట్టూ తాను తిరుగుతుంటుంది కాబట్టి, రోజుకోసారి కొడుకున్న వైపు ఎదురుగా వచ్చి మెల్లగా పక్కకి తప్పుకుంటుంది. చూడలేక చివరికి కిటికీ మూసేస్తుంది. మొదటిదానికంటే వెయ్యి రెట్లు మంచి కథ. ఆ కిటికీ నాకు ఏ ప్రతీకల పేరాలోనూ దొరకలేదు.

ఇది నా ఒక్కడి గొడవే కాదు. అమెరికన్ రచయిత లారీ నివెన్ 1970లో "రింగ్‌వరల్డ్" అనే నవలలో నక్షత్రం చుట్టూ పెద్ద వలయాకార ప్రపంచం కట్టాడు. 1971 సైన్స్ ఫిక్షన్ మహాసభకి వచ్చిన ఎంఐటీ విద్యార్థులు ఆ వలయం స్థిరంగా నిలబడదని హోటల్ వరండాల్లో నినాదాలు చేశారు. 1980లో ఆయన దానికి కొనసాగింపుగా రెండో నవల రాసి, వలయాన్ని సరిచేసే ఇంజన్లు పెట్టాడు. ఒక పుస్తకం మీద అంతకంటే ప్రేమ ఏముంటుంది? లెక్క వేసినవాడు ఆ లోకంలోకి నిజంగా అడుగుపెట్టాడన్నమాట. ప్రతీకలు వెతికేవాళ్లు గుమ్మం దగ్గరే చెప్పులు విప్పకుండా నిలబడి "ఇది దేనికి సంకేతం?" అంటారు.

పాఠకులందరూ ఆ అమ్మాయిలా ఉంటారని కాదు. "వ్యోమనౌక" అని రాస్తే పాఠ్యపుస్తకంలా ఉందంటారు, "స్పేస్‌షిప్" అని రాస్తే తెలుగు చచ్చిపోతోందంటారు. చదవకుండానే "సినిమా తీయొచ్చు" అనే స్నేహితులున్నారు. సామాజిక ప్రయోజనం ఏమిటని ప్రతి సభలోనూ ఒకరు లేస్తారు.

కథల సంపుటిలో రెండో రూపమే వేశాను. అదే సమీక్షకుడు, భూమి ఉదయించే దృశ్యం తీసేయడంతో కథలో కవిత్వం పోయిందని రాశారు. పుస్తకం ఆ అమ్మాయికీ పంపాను. "ఇప్పుడు చాలా బాగుందండీ. కాకపోతే 47వ పేజీలో అక్కడి అర్ధరాత్రి అన్నారు, కిటికీలో సగం భూమి అన్నారు. ఆ బిలం దగ్గర అర్ధరాత్రికి భూమి ఇంచుమించు నిండుగా ఉండాలండీ."

మళ్లీ కుర్చీ వేశాను. ఈసారి సూర్యుడి కోసం టేబుల్ లైటు కూడా పెట్టాల్సి వచ్చింది.