ఎత్తు పెంచిన జిమ్నీ గురించి అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. జిమ్నీకి రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయించావని, అప్పటి నుంచి ఎనభై దాటితే బండి అటూ ఇటూ తిరుగుతోందని, మలుపు తిప్పాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం లేదని రాశావు. అలైన్‌మెంట్ చేయించినా తేడా లేదన్నావు. నువ్వు పంపిన అలైన్‌మెంట్ కాగితం కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశాను. టో (ముందు చక్రాల ముక్కులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో చెప్పేది) అంకెలు పచ్చగా, అంటే సరిగ్గా ఉన్నాయి, క్యాస్టర్ అంకెలు రెండు వైపులా ఎర్రగా ఉన్నాయి. ఆ షాపువాళ్లు తమ చేతిలో ఉన్న టో సరిచేసి, క్యాస్టర్‌కు సర్దుబాటు లేదని వదిలేశారు. నీ ఇబ్బందికి కారణం వాళ్లు వదిలేసిన ఆ క్యాస్టరే.

బండి కింద దూరి చూస్తే సంగతి నీకే తెలుస్తుంది. జిమ్నీ ముందు యాక్సిల్ ఒకే దూలం. దాన్ని వెనుక నుంచి రెండు ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. ఒక్కొక్క ఆర్మ్ వెనుక కొస చాసిస్‌కు ఒకే బుష్‌తో (రబ్బరు ఉన్న చిన్న గొట్టం), ముందు కొస యాక్సిల్‌కు రెండు బుష్‌లతో బిగించి ఉంటుంది. చాసిస్ పైకి లేస్తే ఆర్మ్ ముందువైపు కిందికి వాలుతుంది. రెండు చోట్ల పట్టుకుంది కాబట్టి యాక్సిల్‌ను కూడా తనతో పాటు తిప్పేస్తుంది. అప్పుడు కింగ్‌పిన్, అంటే ముందు చక్రం పక్కలకు తిరిగే ఇరుసు, దాని పైకొస ముందుకు వస్తుంది. కింగ్‌పిన్ వెనక్కి వాలి ఉండడాన్నే క్యాస్టర్ అంటాం. ఆసుపత్రి స్ట్రెచర్ చక్రం నువ్వు తోసిన దిక్కుకు తనే సర్దుకుంటుంది చూడు, బండి చక్రాలకు ఆ గుణం ఇచ్చేది ఈ వాలే. అది తగ్గితే చక్రానికి తిన్నగా పోవాలన్న పట్టుదల పోతుంది.

ఎంత తగ్గిందో టేపుతోనే అంచనా కట్టవచ్చు. చాసిస్ బుష్ నుంచి యాక్సిల్ మధ్యకు 75 సెంటీమీటర్లు ఉందనుకో, బండి 5 సెంటీమీటర్లు లేస్తే యాక్సిల్ దాదాపు 4 డిగ్రీలు తిరుగుతుంది. కంపెనీ ఇచ్చే క్యాస్టరే కొద్ది డిగ్రీలు. ఇక మిగిలేది ఎంత?

దీనికి ఆఫ్‌సెట్ బుష్‌లు దొరుకుతాయి. వాటి రంధ్రం మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది. యాక్సిల్ దగ్గర ముందు బుష్‌లో రంధ్రం పైకి, వెనుక బుష్‌లో కిందికి ఉండేట్టు దిగ్గొట్టాలి. తారుమారైతే ఉన్న క్యాస్టర్ కూడా పోతుంది. రెండు ఆర్మ్‌లలోనూ ఒకేలా ఉండాలి. అందుకే ప్రెస్ మీద పెట్టే ముందు సుద్దతో గుర్తులు వేయించు, దగ్గర నిలబడి చూడు. రెండంగుళాలకు మామూలుగా ఇవి చాలు. చాసిస్ కొసను కిందికి దించే బ్రాకెట్లు కూడా ఉన్నాయి గానీ అవి రాళ్లకు తగులుతాయి, నాకు నచ్చవు. క్యాస్టర్ మరీ ఎక్కువ ఇవ్వాలని కూడా ఆశపడకు. యాక్సిల్ అలా తిరిగే కొద్దీ పినియన్ మూతి (ఇంజను శక్తి యాక్సిల్‌లోకి వెళ్లే చోటు) కిందికి దిగుతుంది, ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరుగుతుంది, 4హెచ్‌లో, అంటే నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే గేరులో వేసినప్పుడు వణుకు మొదలవుతుంది.

ఇంకొక్క మాట, దీన్ని చాలా షెడ్లలో పట్టించుకోరు. ఆర్మ్‌ల బోల్టులను బండి జాకీ మీద ఉండగా గట్టిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన బరువు తాను మోస్తున్నప్పుడే చివరి బిగింపు. గాలిలో బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే రోజూ నలిగి, కొద్ది నెలల్లో చీలిపోతుంది.

ఎత్తు విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పాడేరు ఘాట్ ఎక్కే ఒక కమాండర్ జీపుకు యజమాని అడిగాడని ముందు కమాన్‌లకు (పట్టీ స్ప్రింగులకు) పొడవాటి షాకిళ్లు, అంటే కమాన్ కొసను చాసిస్‌కు వేలాడదీసే పట్టీలు వేశాను. మర్నాడు డ్రైవరు వచ్చి, దిగుడు మలుపుల్లో స్టీరింగ్ వెనక్కి రావడం లేదని, ఒకచోట లోయ అంచుదాకా వెళ్లి ఆగానని చెప్పాడు. వెనుక పద్నాలుగు మంది ఉన్నారట. ఆ షాకిళ్లు అప్పుడే తీసేశాను. తర్వాత ఎత్తు కావాలన్న ప్రతి జీపుకూ కమానుకు, యాక్సిల్‌కు మధ్య ఏటవాలు పలక పెట్టి, క్యాస్టర్ చూసుకుని గానీ బయటికి పంపలేదు.

క్యాస్టర్ తర్వాత లేటరల్ రాడ్ చూడు. దాని ఒక కొస చాసిస్‌కు, రెండోది యాక్సిల్‌కు ఉంటుంది. ఎత్తు పెరిగితే అది యాక్సిల్‌ను ఒక పక్కకు లాగుతుంది. మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు, దారం తీసుకుని మడ్‌గార్డు అంచు నుంచి వేలాడదీసి, టైరుకు ఎంత దూరం ఉందో రెండు వైపులా కొలువు. తేడాలో సగం యాక్సిల్ జరిగిన దూరం. ముందూ వెనుకా విడివిడిగా కొలవాలి. పొడవు మార్చుకునే రాడ్ వేస్తే మధ్యకు తెచ్చుకోవచ్చు. ముందు వైపు మాత్రం లేటరల్ రాడ్ బ్రాకెట్‌ను ఒక్కదాన్నే కిందికి దించవద్దు. ఆ రాడ్, స్టీరింగ్ కదలికను చక్రాలకు చేర్చే డ్రాగ్ లింక్ ఒకే వాలులో ఉండాలి. లేకపోతే గుంటలో పడిన ప్రతిసారీ బండి తానే స్టీరింగ్ తిప్పుకుంటుంది.

ఇవి రెండూ అయ్యాకే టో సరిచేయించి, ఆ తర్వాత డ్రాగ్ లింక్ పొడవు సర్ది స్టీరింగ్‌ను నిటారుగా తెచ్చుకో. చక్రాలు తిన్నగా ఉండి స్టీరింగ్ వంకరగా ఉంటే ఈఎస్‌పీ (బండి జారకుండా తానే బ్రేకు వేసే ఏర్పాటు) పొరబడి, అక్కర లేనిచోట బ్రేకు వేయవచ్చు. స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను సర్వీసు కంప్యూటర్‌తో సున్నాకు తెప్పించు.

జాకీ మీద చక్రాలు పూర్తిగా వేలాడుతున్నప్పుడు స్టీరింగ్‌ను ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పి బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు సాగుతున్నాయేమో చూడు. బిగుసుకుంటే పొడవైనవి వేయించాల్సిందే, ఇందులో రాజీ వద్దు. హెడ్‌లైట్లు కూడా కిందికి దించుకో, ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లో పడకూడదు.

స్టీరింగ్ కొట్టుకుంటోంది అనిపిస్తే ఎవరో గట్టి డాంపర్ (స్టీరింగ్ కుదుపును మింగే షాక్) వేయమంటారు. ముందు చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపి చూడు. కింగ్‌పిన్ బేరింగులు వదులైతే డాంపర్ ఆ జబ్బును కొన్నాళ్లు దాచిపెడుతుంది, అంతే.

నీ స్నేహితుడి కొత్త థార్‌కు ఈ లెక్క పనికిరాదని అతనికీ చెప్పు. దాని ముందు చక్రాలు వేర్వేరుగా కదులుతాయి. అక్కడ ఎత్తుతో పాటు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), టో కూడా మారతాయి, డ్రైవ్ షాఫ్ట్ జాయింట్ల కోణం పెరుగుతుంది.

కాగితాల సంగతి కూడా చూసుకో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పుల గురించి కఠినంగానే ఉంది. వేసిన సరుకు గురించి ఆర్టీఏ వారినీ, బీమా వారినీ ముందే అడిగి తెలుసుకో.

పని పూర్తయ్యాక 500 కిలోమీటర్లు నడుపు, స్ప్రింగులు సర్దుకుంటాయి. అప్పుడు అన్ని బోల్టులూ మళ్లీ బిగించి, మళ్లీ అలైన్‌మెంట్ చేయించు. ఆ కాగితం నాకు పంపు. అందాకా ఎనభై దాటవద్దు, అమ్మను ఎక్కించుకుని ఘాట్ రోడ్డెక్కవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న