పేటెంట్ల పొత్తు గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదట ఫోన్‌లో, తర్వాత ప్రింట్ తీసి పెన్ను పట్టుకుని. రైట్ సోదరులు పేటెంటు అడ్డం పెట్టుకుని ఎవర్నీ ఎగరనివ్వలేదు, ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, 1917లో ప్రభుత్వం అందర్నీ కూర్చోబెట్టి పేటెంట్లు పంచిపెట్టింది, అమెరికా విమానాలకు రెక్కలొచ్చాయి. ఇదీ నువ్వు చెప్పిన కథ. ఎక్కడా ఆగకుండా చదివించావు. నా టెన్షన్ అంతా అందుకే.

ఎందుకంటే ఈ కథ నేనూ సరిగ్గా ఇలాగే రాశాను, చాలా ఏళ్ల కిందట, ఒక ఆదివారం అనుబంధానికి. వారం తిరక్కుండా ఎవరో పాఠకుడు కార్డు రాశాడు. ఒకటే వాక్యం: "అయ్యా, ఆ పేటెంటు తమరు చదివారా?" చదవలేదు. దాని గురించి పదిమంది రాసింది చదివానంతే. ఆ కార్డు చాలాకాలం నా బల్ల మీదే ఉంది.

నువ్వూ చదవలేదని నీ మొదటి పేరా చూడగానే తెలిసిపోయింది. "1903 డిసెంబర్ 17న విమానం ఎగిరింది, వెంటనే సోదరులు పేటెంటు కోసం పరుగెత్తారు" అన్నావు. కాదు. దరఖాస్తు పెట్టింది అదే ఏడాది మార్చి 23న, ఎగరడానికి దాదాపు తొమ్మిది నెలల ముందు. 1906 మే 22న మంజూరైంది. నంబరు 8,21,393. తీసి ఆ బొమ్మలు చూడు. వాటిలో ఇంజన్ ఉండదు. అది 1902 నాటి గ్లైడర్. వాళ్లు హక్కు అడిగింది ఎగిరే యంత్రం మీద కాదు, గాలిలో పక్కకు ఒరిగిపోకుండా నిలబెట్టే పద్ధతి మీద. సైకిళ్ల షాపు వాళ్లు కదా, బండికి కదలిక ఒక ఎత్తు, పడిపోకుండా ఉండటం ఒక ఎత్తు అని వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ షాపులోకే పాఠకుణ్ణి తీసుకెళ్లాల్సింది నువ్వు. 1899 జూలై, అమెరికాలో డేటన్ అనే ఊరు. కొనడానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతూ, సోదరుల్లో పెద్దవాడు విల్బర్ చేతిలో ఉన్న ఖాళీ అట్టపెట్టెను ఊరికే మెలితిప్పుతున్నాడు. సైకిల్ ట్యూబు వచ్చే సన్నటి పొడుగాటి పెట్టె, రెండు కొనలూ తెరిచి ఉన్నాయి. ఒక కొన ఇటు తిరిగితే రెండో కొన అటు తిరిగింది. పైఅట్ట, కిందిఅట్ట రెండు రెక్కలనుకో. ఒకవైపు అంచు పైకి లేస్తే రెండోవైపు అంచు కిందికి దిగుతుంది. పేటెంటు గుండెకాయ అదే. ఇంత దృశ్యం చేతిలో పెట్టుకుని నువ్వు "రెక్కలను వంచే సాంకేతికత" అని రాసి ఊరుకున్నావు!

ఇక అసలు గొడవ. పేటెంటులో వాళ్లు రెక్కను మెలితిప్పడం ఒక్కటే చెప్పి ఆగలేదు. రెక్కల చివరి భాగాల కోణాన్ని ఏ రకంగా మార్చినా మా కిందికే వస్తుందన్నట్టు విశాలంగా రాయించారు. విమానాలు తయారుచేసే ఇంకొకాయన, గ్లెన్ కర్టిస్, రెక్క మెలితిప్పలేదు. కీలు మీద పైకీ కిందికీ ఆడే పలకలు వాడాడు, ఐలరాన్లు. 1909లో అతని మీద దావా పడింది. 1914 జనవరిలో అప్పీల్ కోర్టు రైట్ పక్షాన్నే తీర్పు ఇచ్చింది. అప్పుడు కర్టిస్ లాయరు ఇచ్చిన సలహా చూడు: రెండు ఐలరాన్లూ ఒకేసారి ఆడించకు, ఒక్కొక్కటే ఆడించు, అది వేరే పద్ధతి అవుతుంది, వాళ్లు మళ్లీ మొదటినుంచి కోర్టుకెక్కాలి! ఆ లాయరు పేరు బెంటన్ క్రిస్ప్. అంతకుముందు కార్ల మీద సెల్డన్ పేటెంటు కేసులో హెన్రీ ఫోర్డ్ తరఫున వాదించినవాడు. పేరు గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తాడు.

రైట్ సోదరుల్ని పిసినారులుగా చూపించావు. అలా చూపించడానికి ఆధారం లేకపోలేదు, కానీ అది నీ నోటితో కాకుండా వాళ్లను ప్రేమించిన మనిషి నోటితో రావాలి. ఆక్టేవ్ షనూట్ అని షికాగోలో పెద్దాయన, ఇంజనీరు. ఎగరడం గురించి ఎవరికి ఏం తెలిసినా అందరికీ చెప్పుకోవాలన్నది ఆయన పద్ధతి. 1900లో విల్బర్ ఆయనకు తొలి ఉత్తరం రాశాడు. తర్వాత పదేళ్లపాటు వందల ఉత్తరాలు నడిచాయి. పంచుకోవడం అనేది 1917లో పుట్టిందన్నావు చూడు, అదీ పొరపాటే. కోర్టులకంటే ముందు ఉన్నది అదే. 1910 జనవరిలో షనూట్ రాశాడు, బోలెడు డబ్బు మీద ఆశ నీ వివేకాన్ని వంకర తిప్పిందేమోనని భయంగా ఉంది మిత్రమా అని. ఇంగ్లీషులో ఆయన వాడిన మాట "వార్ప్", రెక్కను మెలితిప్పడానికి వాడే మాటే! విల్బర్ నొచ్చుకున్నాడు. ఆ ఏడాది నవంబరులోనే షనూట్ పోయాడు. 1912లో విల్బర్ టైఫాయిడ్‌తో పోయాడు. 1915లో తమ్ముడు ఆర్విల్ కంపెనీ అమ్మేశాడు. కాబట్టి 1917లో బేరమాడింది "రైట్ సోదరులు" కాదు, వాళ్ల పేటెంటు చేతికొచ్చిన రైట్-మార్టిన్ అనే కంపెనీ. నీ వ్యాసంలో పోయినవాడు కూడా వచ్చి సంతకం పెట్టాడు.

పొత్తు కుదిరిన తీరు దగ్గర నువ్వు నాలుగు వాక్యాలతో దాటేశావు. అక్కడే ఆగాలి. 1916 చివర్లో రైట్-మార్టిన్ ప్రతి విమానం ధరలో 5 శాతం, ఏడాదికి కనీసం 10,000 డాలర్లు రాయల్టీ అడిగింది. నాసాకు పూర్వరూపమైన ఎన్ఏసీఏ కమిటీ రాజీకి పూనుకుంది. 1917 మార్చిలో కాంగ్రెస్ పది లక్షల డాలర్లు పక్కన పెట్టింది, ఆ పేటెంట్లను కొనడానికి, లేదా బలవంతాన తీసుకోవడానికి. బెల్లమూ బెత్తమూ ఒకే చేతిలో. జూలైలో మాన్యుఫాక్చరర్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఏర్పడింది, ఒకరి పేటెంట్లు ఒకరు వాడుకునే విమాన కంపెనీల సంఘం. ఒప్పందం రాసింది ఎవరనుకున్నావు? క్రిస్ప్. ప్రతి విమానానికి 200 డాలర్లు కట్టాలి. అందులో 135 రైట్-మార్టిన్‌కి, 40 కర్టిస్‌కి, 25 సంఘం ఖర్చులకి. ఆ రెండు కంపెనీలకూ చెరి 20 లక్షలు ముట్టేదాకా, లేకపోతే పేటెంటు గడువు తీరేదాకా. మరుసటి ఏడే ప్రభుత్వం ఒత్తిడి తెచ్చి 200ను 100 చేయించింది. కొనేది దాదాపు తనొక్కటే కదా, చివరికి ఆ డబ్బు విమానం ధరలో కలిసి తన మీదే పడేది. ఈ లెక్క నాలుగు వాక్యాల్లో పోయేది కాదు. 135కీ 40కీ మధ్య తేడాలోనే కోర్టు కథంతా ఉంది.

ఒక చిన్న మాట. పేటెంట్ పూల్‌ని నువ్వు "పేటెంట్ల కొలను" అన్నావు. నవ్వాను, ఏమనుకోకు. కొలను అంటే తామరలు గుర్తొస్తాయి. మనకు పొత్తు అన్న మాట ఉండగా కొలనెందుకు? పైగా ఆ మాటతో సామెత కూడా వస్తుంది, పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని. ఇక్కడ అది బాగా పనికొస్తుంది. 1972లో అమెరికా న్యాయశాఖ ఈ పొత్తు మీదే దావా వేసింది. ఎవరు ఏం కనిపెట్టినా అందరికీ చవగ్గా దొరుకుతుంటే కొత్తది కనిపెట్టడానికి ఎవరికీ పోటీ ఉండదని. 1975లో పొత్తు రద్దయింది. రైట్ పేటెంటు గడువు 1923లోనే తీరిపోయింది, పొత్తు మాత్రం ఆ తర్వాత యాభై ఏళ్లు బతికింది. నీ వ్యాసం 1918లోనే ముగిసింది.

అసలు పేటెంటు తగాదా వల్లే విమానాల తయారీలో అమెరికా వెనకబడిందా అన్నదీ తేలిపోయిన సంగతి కాదు. యుద్ధానికి ముందు అక్కడి సైన్యం విమానాలు కొన్నది తక్కువ, కొనేవాళ్లు లేకుండా ఎవరు మాత్రం చేస్తారు అనే పరిశోధకులున్నారు. ఆ అడ్డంకి కథ ప్రభుత్వానికి చవగ్గా లైసెన్సులు తెచ్చిపెట్టిందని కూడా అంటారు. నేను సగం దూరం వాళ్లతో వెళ్తాను. 5 శాతం అడగడం దౌర్జన్యమని నాకు అనిపించదు, 10,000 కనీసం అన్నది మాత్రం చిన్న కంపెనీ గొంతు మీద కత్తే. నువ్వు ఎటు వెళ్తావో నీ ఇష్టం. ఇలాంటి వాళ్లున్నారని ఎరిగి వెళ్లు.

1929లో రైట్, కర్టిస్ కంపెనీలు కలిసి కర్టిస్-రైట్ అయ్యాయన్న వాక్యాన్ని ఉన్నచోటే ఉంచు. దాని పక్కన "విధి వైచిత్రి" అన్నావు, అది కొట్టేశాను.

తిరగరాసి పంపు. ఈసారి వాట్సాప్‌లో వద్దు, ప్రింట్ తీసి పోస్టులో వెయ్యి. అంచుల్లో నాకు రాసుకోవడానికి చోటు వదులు. పేటెంటులోని మొదటి బొమ్మ కూడా జత చెయ్యి, దాని మీద అట్టపెట్టె ఎక్కడ కనిపిస్తోందో పెన్సిల్‌తో గుర్తు పెట్టి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు