ఊరు పోయినోళ్లకు క్యాంపేనా దిక్కు?

ప్రశ్న: మా తాతల ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. పరిహారం వచ్చినా ఊరోళ్లు తలో దిక్కయ్యారు. దేశం వదిలొచ్చే శరణార్థులకైనా క్యాంపు తప్ప వేరే దారి లేదా?
– ఓ పాఠకుడు, కొల్లాపూర్

జవాబు: ఉందండీ, పక్క రాష్ట్రంలోనే. 1959 తర్వాత టిబెట్ నుంచి వచ్చినవాళ్లకు అప్పటి మైసూరు (ఇప్పటి కర్ణాటక) ప్రభుత్వం బైలకుప్పె దగ్గర దాదాపు 3,000 ఎకరాలు కౌలుకిచ్చింది, వాళ్లు అడవి కొట్టుకుని, మక్కజొన్న వేసుకుని, బడులూ మఠాలూ కట్టుకుని ఒక్కచోటే నిలబడ్డారు. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం పెట్టలేదు, అయినా ఇది జరిగింది. ఉగాండా అయితే 2006 చట్టంతో శరణార్థులకు పని చేసుకునే హక్కే ఇచ్చింది, సాగుకు కాస్త భూమి కూడా ఇస్తుంది. కాకపోతే వచ్చే జనం పెరిగేకొద్దీ ఆ భూమి చెక్క చిన్నదైపోతోంది, అదీ టెన్షనే.

మీ విషయంలో 1986లో 98 జీవో వచ్చింది, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలని. మంచిదే. కానీ ఉద్యోగం ఒకరికి, ఊరు అందరిది కదా! నన్నడిగితే డబ్బు లెక్క తర్వాత, ముందు ఊరు ఊరంతా కలిసి వెళ్లడానికి సాగునీరున్న భూమి చూపించాలి. డిండి, పాలమూరు ఎత్తిపోతల నిర్వాసితులు అధికారులను మొదట అడగాల్సింది ఇదే.