పిల్ల నోట విన్నాక ప్రిన్సిపాల్ మాట కోసం ఆగాలా?

ప్రశ్న: నేను గుంటూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో టీచర్ని. మా ఆరో తరగతి పిల్ల ఒకతి నెల్లాళ్లుగా లాంగ్ బెల్ కొట్టినా ఇంటికి కదలకుండా మెట్ల మీదే కూర్చుంటోంది. నాన్న మిర్చి యార్డులో హమాలీ, అమ్మ మిరపకాయలకు తొడాలు తీసే పనికి వెళ్తుంది. ఇద్దరూ చీకటి పడితేగానీ ఇంటికి రారు. పోయిన గురువారం దగ్గర కూర్చోబెట్టుకుని ఏమైందని అడిగితే, ఇంటికి వచ్చే బాబాయి వరసాయన తాకకూడని చోట తాకుతున్నాడని చెప్పి ఏడ్చింది. "అమ్మకు చెప్పొద్దు టీచర్" అని నా చేత ఒట్టు వేయించుకుంది. ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. "మీరు చూశారా? రుజువేముంది? నాకు చెప్పారుగా, మీ బాధ్యత అయిపోయింది. మేనేజ్‌మెంటుతో మాట్లాడి పేరెంట్స్‌ని పిలుద్దాం. అడ్మిషన్ల టైములో పోలీసులంటే స్కూలు పేరు పోతుంది" అన్నారు. ఐదు రోజులైంది. నాకు అపాయింట్‌మెంట్ ఆర్డరు కూడా లేదు. నేను పోలీసులకు చెప్పాలా? చెప్పాక అది నిజం కాదని తేలితే నా మీద కేసు పెడతారా? – ఒక టీచర్

జవాబు: అమ్మా, చెప్పాలి. మీరే చెప్పాలి. ఐదు రోజులు ఇప్పటికే ఎక్కువ.

పిల్ల పేరూ స్కూలు పేరూ మీరు రాయలేదు. రాసి ఉంటే ఆ ఫోను నేనే చేసి ఉండేదాన్ని. ఆనవాలు తెలియకుండా ఒకటి రెండు వివరాలు మార్చి మీ ఉత్తరం ఇక్కడ ఇస్తున్నాను. ఇదే ఇరకాటంలో ఉన్న టీచర్లు, ఆయాలు, హాస్టల్ వార్డెన్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టడానికి 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షనులో వాడిన మాట "ఎవరైనా". ప్రిన్సిపాల్ అనో, కరస్పాండెంట్ అనో అనలేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగబోతోందని భయపడుతున్నవారు ఎవరైనా సరే పోలీసులకు తెలియజేయాలి. పిల్ల మీకు నోరు విప్పి చెప్పింది. మీకు తెలిసినట్టే. "నాకు చెప్పారుగా, అయిపోయింది" అన్న మాటకు చట్టంలో చోటు లేదు. మీరు ప్రిన్సిపాల్‌కి చెప్పడం వల్ల మీ బాధ్యత తీరలేదు, పైగా ఇప్పుడు ఆ బాధ్యత ఆయన మీద కూడా పడింది. ఈ విషయం తెలిసి ఊరుకున్నవారికి 21వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నేరం చేసింది స్కూలు ఉద్యోగే అయి, సంస్థ పెద్ద దాన్ని దాచిపెడితే శిక్ష ఏడాది దాకా ఉంటుంది. మీ విషయంలో నిందితుడు బయటివాడు కాబట్టి ఈ రెండోది వర్తించదు. స్కూలు వ్యాను డ్రైవరు మీదో పీఈటీ మీదో అనుమానం వచ్చి "లోపల్లోపల సర్దుకుందాం" అనుకునే యాజమాన్యాలు మాత్రం దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక గిరిజన హాస్టల్ బాలికల మీద జరిగిన అఘాయిత్యం తెలిసీ చెప్పలేదని ఒక డాక్టరు మీద కేసు పెట్టారు. హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు మళ్లీ నిలబెట్టింది. తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని, చాలాసార్లు అది నేరస్థుణ్ణి కాపాడే ప్రయత్నమేనని ఆ తీర్పులో ఉంది.

ఇక "రుజువేముంది?" అన్న ప్రశ్న. రుజువు సంపాదించడం మీ పని కానే కాదు. సమాచారం అందితే చాలని, తెలుసుకోవడం కోసం విచారించి ఆధారాలు పోగుచేయాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదని 2018లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దర్యాప్తు పోలీసులది, తేల్చడం కోర్టుది. ఈ గీత దాటి, మంచి మనసుతోనే, కేసును పాడుచేసిన స్కూళ్లను నేను చూశాను. విజయవాడలో ఒక తల్లి తరఫున నేను నిలబడ్డ కేసు ఉంది. ఏడేళ్ల పిల్లను ముందు క్లాస్ టీచరు అడిగింది. తర్వాత వైస్ ప్రిన్సిపాల్ గదిలో నలుగురి ముందు అడిగారు. మర్నాడు కరస్పాండెంట్ వచ్చి మళ్లీ అడిగి, చెప్పింది కాగితం మీద రాయించి సంతకం పెట్టించారు. మూడుసార్లకు పిల్ల మాటలో మూడు తేడాలు వచ్చాయి. ఒకసారి సోమవారం అంది, ఇంకోసారి నిన్న అంది. అంత చిన్న పిల్లకు వారాలు ఎక్కడ తెలుస్తాయి? కోర్టులో డిఫెన్స్ లాయరు ఆ కాగితం తీసి ఒక్కో తేడానూ పట్టుకుని లాగుతుంటే ఆ తల్లి నా చెయ్యి వదల్లేదు. కాబట్టి పిల్లను మళ్లీ అడగకండి. మీ ప్రిన్సిపాల్‌ను అడగనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ మనిషిని పిలిపించి ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించడం లాంటిది జరగనివ్వకండి.

మీరు చేయాల్సిందల్లా గురువారం విన్నది విన్నట్టు ఒక కాగితం మీద పెట్టడం. తేదీ, సమయం, ఎక్కడ కూర్చున్నారు, మీరు ఏమని అడిగారు, ఆమె ఏమంది, అన్నీ రాయండి. ఆమె వాడిన మాటలే రాయండి. "లైంగిక వేధింపు" లాంటి పెద్ద మాటలు ఆమె అనలేదు కదా, మీరూ రాయకండి. రోజూ మెట్ల మీద కూర్చుంటున్న సంగతి కూడా రాయండి. ఐదు రోజులు ఎందుకు ఆగారో దాచకుండా రాయండి. ప్రిన్సిపాల్‌కు చెప్పిన తేదీ కూడా అందులో ఉండాలి.

తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా అత్యవసర నంబరు 112కి చేయండి, లేదా దగ్గర్లోని స్టేషన్‌కు వెళ్లండి. 1098కి చెబితే వాళ్లు వెంటనే పోలీసులకు చేరవేయాలని 2020 పోక్సో నిబంధనల్లో ఉంది. నా అనుభవంలో ఫోన్‌తో పాటు రాతపూర్వకంగా కూడా ఇవ్వడం మంచిది. స్టేషన్‌లో మీ సమాచారానికి ఎంట్రీ నంబరు వేసి, రాసుకుని, మీకు చదివి వినిపించాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. రాసుకున్న అధికారి పేరు, హోదా, ఫోన్ నంబరు, పైన పర్యవేక్షించే అధికారి వివరాలు కూడా మీకు చెప్పాలి. అడగండి, మొహమాటపడకండి. "ఆ ఇల్లు మా స్టేషన్ పరిధి కాదు" అంటే, ఏ స్టేషన్‌లోనైనా ముందు నమోదు చేసి తర్వాత బదిలీ చేసే జీరో ఎఫ్‌ఐఆర్ గురించి గుర్తుచేయండి. నమోదు చేయకపోతే శిక్ష పోలీసులకూ ఉంది, అదే 21వ సెక్షను కింద. అప్పటికీ కదలకపోతే గుంటూరులో ఎస్పీకి, విజయవాడలో అయితే పోలీస్ కమిషనర్‌కు స్పీడ్ పోస్టులో రాయండి.

పిల్లను మీరు స్టేషన్‌కు తీసుకెళ్లనక్కర్లేదు. ఆమె ఇంట్లోనో, ఆమెకు ఇష్టమైన చోటో, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వచ్చి మాట తీసుకోవాలి. వైద్యపరీక్ష ఆడపిల్లకు మహిళా డాక్టరే చేయాలి, పక్కన తల్లి గానీ పిల్ల నమ్మిన మనిషి గానీ ఉండాలి. ఆ నమ్మిన మనిషి మీరే కావచ్చు. అడిగితే వెళ్లండి.

నిజం కాదని తేలితే? 19వ సెక్షను ఏడో ఉపసెక్షను మీ కోసమే ఉంది. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదు. తప్పుడు ఫిర్యాదుకు శిక్ష ఉన్న మాట నిజమే. అది కేవలం ఒకరిని అవమానించడానికో, బెదిరించడానికో, డబ్బు గుంజడానికో, పరువు తీయడానికో పెట్టినవారికి. పొరపాటు పడ్డవారికి కాదు. పిల్ల అబద్ధం చెప్పిందని తేలినా ఆమెకు శిక్ష ఉండదు.

తల్లిదండ్రుల విషయం ఇంత సులువుగా తేలదు. పోలీసులకు చెప్పడానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు, చట్టం ఇక్కడ స్పష్టం. కానీ తల్లి తోడు లేకుండా పిల్ల ఈ కేసును ఈదలేదు. బాబాయి వరస మనిషి అంటున్నారు. ఆయన దగ్గర వాళ్లకు అప్పు ఉండొచ్చు, ఉంటున్న ఇల్లే ఆయనది కావచ్చు. స్కూల్లో ముందు పేరెంట్స్ మీటింగ్ పెడితే ఆ రాత్రికే విషయం అతని చెవిన పడుతుంది. మర్నాడు పిల్ల బడికి రాదు, అమ్మమ్మగారి ఊరు పంపేశామంటారు. ఇలా టీసీ తీసుకుని మాయమైన పిల్లలున్నారు. అందుకే ముందు సమాచారం ఇవ్వండి, అదే పూట తల్లిని ఒంటరిగా కలవండి. పనికి సెలవు పెడితే ఆమెకు కూలి పోతుందని గుర్తుంచుకుని, మీరే ఆమె దగ్గరికి వెళ్లండి. పెద్దమనుషుల్లో పెట్టి రాజీ చేసుకుంటామని ఎవరైనా వస్తే ఒక సంగతి చెప్పండి. రాజస్థాన్‌లో పిల్ల తండ్రితో రాజీ కుదిరిందని హైకోర్టు ఒక టీచరు మీద కేసు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. పన్నెండేళ్ల లోపు పిల్లను లైంగిక ఉద్దేశంతో తాకడం ఐదేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. రాజీకి వచ్చే వ్యవహారం కాదు.

"పిల్లను హోమ్‌లో పడేస్తారేమో" అన్న భయం చాలామంది టీచర్ల నోరు నొక్కేస్తుంది. నిందితుడు అదే ఇంట్లో ఉంటున్నాడనే అనుమానం ఉన్నప్పుడు పోలీసులు 24 గంటల్లో పిల్లను జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టాలి. ఆమెను ఇంట్లో ఉంచాలా వద్దా అన్నది కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి. తేల్చేటప్పుడు పిల్ల ఇష్టం ఏమిటో వింటుంది. తల్లి గట్టిగా నిలబడితే, ఆ మనిషి ఇంటికి రాకుండా ఉంటే, పిల్ల తల్లి దగ్గరే ఉన్న కేసులే నేను ఎక్కువ చూశాను. అన్నిట్లో అలా జరుగుతుందని మాట ఇవ్వలేను.

ఒట్టు సంగతి మిమ్మల్ని బాగా కలవరపెడుతున్నట్టుంది. నిజం చెప్పండి. "నువ్వు చెప్పింది నేను నమ్మాను. నీ తప్పేం లేదు. ఇది ఆపగలిగినవాళ్లకు మాత్రమే చెప్తాను, ఇంకెవరికీ చెప్పను" అనండి. ఆ మాట నిలబెట్టుకోవాలంటే స్టాఫ్ రూములో ఈ విషయం రాకూడదు, వాట్సాప్ గ్రూపులో అసలే రాకూడదు. పిల్ల పేరు, ఫొటో, స్కూలు పేరు, ఇంటి వివరం, ఏదైనా సరే గుర్తుపట్టేలా బయటపెట్టడం కూడా నేరమే.

ఉద్యోగం గురించి మిమ్మల్ని మభ్యపెట్టలేను. సమాచారం ఇచ్చిన టీచరును తీసేయకూడదని పోక్సోలో ప్రత్యేకంగా రాసిలేదు. ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం, 1982 లోని 79వ సెక్షను మాత్రం ఉంది. ఆరోపణ ఏమిటో చెప్పకుండా, విచారణ జరపకుండా, మీ వాదన వినకుండా ప్రైవేటు విద్యాసంస్థ మిమ్మల్ని తొలగించకూడదు. అపాయింట్‌మెంట్ ఆర్డరు లేకపోతే జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, అటెండెన్స్ రిజిస్టరు ఫొటో, టైమ్‌టేబుల్ మీ పేరుతో ఉన్నది ఇప్పుడే భద్రం చేసుకోండి. ప్రిన్సిపాల్‌కు ఈరోజే ఒక ఈమెయిల్ పంపండి: "ఫలానా తేదీన మీకు చెప్పిన విషయాన్ని చట్టప్రకారం పోలీసులకు తెలియజేస్తున్నాను." పిల్ల పేరు అందులో రాయకండి. ఆ ఒక్క వాక్యం రేపు మీకూ ఆధారం, ఆయన మనసు మార్చుకుని మీతో పాటు సంతకం పెట్టడానికీ అవకాశం.

చివరిగా, ఇంట్లో వాతలు తేలేలా కొడుతున్నారనే అనుమానం మాత్రమే ఉంటే అది పోక్సో కిందికి రాదు. అప్పుడు 2015 బాల న్యాయ చట్టం 75వ సెక్షను ఉంది. అక్కడ కూడా 1098, బాలల సంక్షేమ కమిటీలే మీ దారి.

కోర్టుకు రావాల్సి వస్తుందా అని మీరు అడగలేదు, కానీ రావచ్చు. పిల్ల మొదట చెప్పింది మీకే కాబట్టి సాక్షిగా పిలుస్తారు. గురువారం విన్నది రాసిన కాగితం ఒరిజినల్‌ను పోలీసులకు ఇచ్చి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఈలోగా లాంగ్ బెల్ తర్వాత ఆ పిల్లను మెట్ల మీద ఒంటరిగా వదలకండి. వాళ్లమ్మ వచ్చేదాకా మీ నోట్సులు దిద్దుకుంటూ పక్కన కూర్చోండి.