బంగారు కణం పక్కన అణువు: ఈ పరిశోధనలోకి వెళ్లొచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. పీహెచ్‌డీకి ‘లోహ నానోకణాల దగ్గర అణువుల ఫ్లోరసెన్స్’ (కాంతిని పీల్చుకున్న అణువు తిరిగి వెలుగునివ్వడం) అనే అంశం ఇస్తామంటున్నారు. బంగారం వెలుగును పెంచుతుందని ఒక పేపర్లో, ఆర్పేస్తుందని ఇంకో పేపర్లో చదివాను. దీన్ని నమ్ముకుని ఇన్నేళ్లు పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు చదివిన రెండూ నిజమే అయ్యుంటాయి. తేడా చాలావరకు దూరంలో ఉంటుంది. కాంతి పడినప్పుడు లోహంలోని ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా ఊగుతాయి. దీన్నే ప్లాస్మాన్ అంటాం. దానివల్ల కణం చుట్టూ కాంతి క్షేత్రం బలపడి, అక్కడున్న అణువు ఎక్కువ కాంతిని పీల్చుకుంటుంది, ఫోటాన్లను, అంటే కాంతి రేణువులను, త్వరగా వదులుతుంది కూడా. కానీ లోహానికి మరీ ఆనుకుని, కొద్ది నానోమీటర్లలోపే ఉంటే, అణువు శక్తి లోహంలోకి వెళ్లి వేడిగా మారిపోతుంది. 2006లో 80 నానోమీటర్ల బంగారు కణాన్ని ఒకే ఒక అణువు దగ్గరికి మెల్లగా జరిపి చూస్తే, వెలుగు ముందు పెరిగి, ఇంకా దగ్గరైతే తగ్గిపోయింది.

అణువును బట్టి కూడా ఫలితం మారుతుంది. 2009లో బో-టై ఆకారపు బంగారు యాంటెన్నా ఒక్కో అణువు వెలుగును 1,340 రెట్ల దాకా పెంచింది. అయితే అక్కడ వాడిన రంగు పదార్థం (డై) క్వాంటమ్ యీల్డ్, అంటే పీల్చుకున్న ఫోటాన్లలో తిరిగి వెలుగుగా వదిలే వాటా, సుమారు రెండున్నర శాతమే, అందుకే అంత పెరిగే చోటు మిగిలింది. స్వతహాగా బాగా వెలిగే డైతో ఆ అంకె ఆశించకండి.

నా సలహా: తీసుకోండి, కానీ ముందు ఆ ల్యాబ్‌లో ఫ్లోరసెన్స్ లైఫ్‌టైమ్ (కాంతిని పీల్చుకున్న అణువు ఆ శక్తిని వదిలేయడానికి సగటున పట్టే సమయం) కొలిచే పరికరం ఉందో లేదో కనుక్కోండి. నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తోంది. వెలుగు పెరిగిందంటే కారణాలు చాలా ఉండొచ్చు, అక్కడ అణువులే ఎక్కువగా చేరి ఉండొచ్చు కూడా. అణువు పీల్చుకునే కాంతి మాత్రమే పెరిగితే లైఫ్‌టైమ్ మారదు. వెలుగు, లైఫ్‌టైమ్ రెండూ తగ్గితే శక్తి లోహంలోకి పోతోందని అనుమానించాలి. వెలుగు పెరిగి, లైఫ్‌టైమ్ తగ్గితే అణువు ఫోటాన్లను వేగంగా వదులుతోందని అనుకోవచ్చు. వెలుగు ఒక్కటే కొలిచే చోట ఈ తేడా తేలదు, థీసిస్ చివర్లో చాలా ఇబ్బంది పడతారు.

ఇంకో మాట. ఇందులో కెమిస్ట్రీ తప్పదు. కణానికీ అణువుకూ మధ్య దూరం నిలపడానికి సిలికా పొరో, డీఎన్‌ఏ పోగో వాడతారు. అది మీరే చేయాలా, వేరేవాళ్లు చేసిస్తారా అని గైడ్‌ను మొహమాటపడకుండా అడగండి. సిమ్యులేషన్ నేర్చుకోవడం మంచిదే, అయితే ఆప్టిక్స్ బెంచ్ మీద చెయ్యి తిరగడం ఎక్కువ పనికొస్తుంది. లేజర్‌ను సరిచేయడం, ఒక్కో ఫోటాన్‌ను లెక్కించడం వచ్చినవాళ్లకు బయోసెన్సర్లు, మైక్రోస్కోపీ, డిటెక్టర్ల రంగాల్లోనూ దారులుంటాయి.

వీలైతే చేరే ముందే ఒక వారం ఆ ల్యాబ్‌లో కూర్చోండి. దూరం మారితే లైఫ్‌టైమ్ ఎలా మారిందో వాళ్ల సొంత కొలతల గ్రాఫ్ చూపించమని ఒక సీనియర్‌ను అడగండి. అది చూశాక మీకేమనిపించిందో రాయండి, కలిసి ఆలోచిద్దాం.