ఎనిమిది పక్కన ఆ 729 ఎక్కడిది?

ప్రశ్న: సార్, నేను ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాను. మిర్చి సీజన్‌లో తక్‌పట్టీలు (రైతులకిచ్చే అమ్మకం చీటీలు) రాసి రాసి విసుగొచ్చి, మొన్న కాలిక్యులేటర్ మీద ఊరికే 987654321 కొట్టి 123456789తో భాగించాను. 8.0000000729 వచ్చింది. వస్తే సరిగ్గా ఎనిమిది రావాలి, లేదంటే అడ్డదిడ్డంగా ఏదో రావాలి గానీ ఇదేంటి? మిషన్ పాడైందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మిషన్ బాగానే ఉంది తమ్ముడూ, టెన్షన్ పడకు.

ముందు ఆ ఎనిమిది సంగతి. చిన్నది 12 కోట్ల 34 లక్షల 56 వేల 789, పెద్దది 98 కోట్ల 76 లక్షల 54 వేల 321. చిట్టా కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాయి. 1 కింద 9, 2 కింద 8, ఇలా ఏ నిలువు వరుస కూడినా పదే, కాబట్టి మొత్తం 1111111110. ఇప్పుడు చిన్నదాన్ని తొమ్మిదితో గుణించు. ఎక్కం కూడా అక్కర్లేదు, చివర సున్నా పెట్టి అందులోంచి అదే సంఖ్యను తీసేస్తే చాలు, 1111111101 వస్తుంది. రెండింటికీ తేడా 9. అంటే రెండు సంఖ్యలూ కలిపితే చిన్నదానికి తొమ్మిది రెట్లు, పైన ఇంకో 9. అందులోంచి చిన్నదాన్ని ఒకసారి తీసేయి, మిగిలిన పెద్దది ఎనిమిది రెట్లు, పైన 9. నీ భాగహారంలో శేషం ఆ తొమ్మిదే.

నాకు అసలు ముచ్చటేసేది 729 దగ్గర. 123456789ని 81తో గుణిస్తే 9999999909 వస్తుంది, వెయ్యి కోట్లకు సరిగ్గా 91 తక్కువ. మార్కెట్ లెక్కలో అయితే అది వెయ్యి కోట్లే అనుకుంటాం కదా! శేషం 9ని కూడా 81తో గుణిస్తే 729. కాబట్టి ఎనిమిది తర్వాత మిగిలే ముక్క, ఒకటిని వెయ్యి కోట్ల భాగాలు చేస్తే అందులో దాదాపు 729 భాగాలు. అదే నీకు కనబడింది. ఆ 91 తేడా ఊరికే పోదు, ఎక్కువ అంకెలు చూపించే ఫోన్‌లో చేస్తే 729 తర్వాత ఐదు సున్నాలు, ఆ వెనక 66339 కనబడుతుంది. 729ని 91తో గుణించి చూడు.

ప్రశ్న: 1 నుంచి 9 దాకా అంకెలను ఒక్కోసారి వాడుతూ ఎలాగోలా పక్కపక్కన పేర్చితే ప్రధాన సంఖ్య ఒక్కటైనా రాదా సార్? సాయంత్రమంతా ప్రయత్నించాను.
– ఇంటర్ విద్యార్థిని, కాజీపేట

జవాబు: ఇక ఆపెయ్యమ్మా. మొత్తం 3,62,880 రకాలుగా పేర్చొచ్చు, కానీ ఎలా పేర్చినా అంకెల మొత్తం 45 కాబట్టి ప్రతిదీ 9తో భాగించబడుతుంది, ఇక ప్రధాన సంఖ్య ఎలా అవుతుంది? పైన చెప్పిన రెండూ అంతే: 123456789 అంటే 9 × 3607 × 3803, 987654321 అంటే 9 × 17 × 17 × 379721.