చీర రంగు ఫోటోలో ఎందుకు మారుతోంది?

ప్రశ్న: మేము మంగళగిరిలో చేనేత చీరలు అమ్ముతాము. ఇటీవల సొంత వెబ్‌సైట్ పెట్టుకున్నాము. చీరలను ఇంట్లోనే ఫోనుతో ఫోటోలు తీస్తున్నాను. ఫోటోలో చూసిన రంగు వేరు, చేతికి వచ్చిన చీర రంగు వేరు అని కొందరు తిప్పి పంపుతున్నారు. ఫోటోలను మా అబ్బాయికి వాట్సాప్‌లో పంపితే సైట్‌లో మసకగా కనిపిస్తున్నాయి. ఫోను నుంచి నేరుగా ఎక్కిస్తే పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది. మంచి కెమెరా కొనక తప్పదా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: కెమెరా కొనవద్దు. మీ ఇబ్బందులలో మొదటిది వెలుతురుకు, మిగిలినవి ఫైలుకు సంబంధించినవి. ఖరీదైన కెమెరా వీటిలో దేనినీ తనంతట తాను తీర్చదు.

ముందుగా రంగు సంగతి చూద్దాం. గదిలో ట్యూబ్‌లైట్ వెలుగుతూ, పక్క కిటికీలోంచి పగటి వెలుతురు కూడా పడుతున్నప్పుడు చీరలో ఒక భాగం మీద ఒక రకం కాంతి, మరో భాగం మీద వేరొక రకం కాంతి ఉంటుంది. మన కన్ను ఆ తేడాను సర్దుకుంటుంది గానీ, ఫోను మాత్రం ఫోటో మొత్తానికి ఏది తెలుపో తానే ఒక అంచనా వేసుకుని, దాని ప్రకారం మిగిలిన రంగులన్నిటినీ జరుపుతుంది. కాబట్టి లైట్లన్నీ ఆర్పి, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన గానీ నీడపట్టు వరండాలో గానీ పగటిపూట ఫోటో తీయండి. నేరుటెండలో జరీ మిలమిలలాడి నిజాం అంచు మీది గీతలు తెల్లని మరకలుగా మారిపోతాయి. ఆకుపచ్చ, గులాబీ రంగులు వేసిన గోడల దగ్గరా, చెట్టు కిందా తీయకండి. ఆ రంగు చీర మీద పడుతుంది. మొదటి ఫోటోలో చీర పక్కన తెల్ల కాగితం ఒకటి ఉంచితే, తరువాత సవరించేటప్పుడు ఆ కాగితం తెల్లగా కనిపించే వరకు సరిచేసి, అదే సవరణను ఆ పూట తీసిన ఫోటోలన్నిటికీ వర్తింపజేయవచ్చు. తెర మీద చీరపై కాసేపు వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, వెలుతురు రెండూ స్థిరపడతాయి.

రాణి రంగు, ముదురు ఎరుపు చీరలు మిగతావాటి కంటే ఎక్కువగా ఇబ్బంది పెడతాయి. ఎరుపు మోతాదు కెమెరా పట్టగలిగిన హద్దు దాటడంతో నేత, మడతలు ఏవీ కనపడక ఒకటే ముద్దగా వస్తుంది. వెలుతురును కొద్దిగా తగ్గించి తీస్తే నేత బయటపడుతుంది. పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) మరో రంగు అయిన చీరను ఏ ఒక్క ఫోటో కూడా నిజాయితీగా చూపలేదు. అటువంటి చీరకు రెండు కోణాల నుంచి రెండు ఫోటోలు పెట్టి, పడుగు, పేకల రంగులను కింద మాటలలో రాయండి. తిప్పి పంపడాలు తగ్గడానికి ఆ ఒక్క వాక్యం చేసే మేలు ఏ ఫిల్టరూ చేయదు. ఫిల్టర్లు, ఫోనులోని ‘బ్యూటీ’ సవరణలు అమ్మకపు ఫోటోలకు అసలు వాడకూడదని నా అభిప్రాయం.

ఇక ఫైలు విషయం. 12 మెగాపిక్సెళ్ల ఫోటో సుమారు 4000 పిక్సెళ్ల వెడల్పుతో మూడు, నాలుగు మెగాబైట్లు ఉంటుంది. ఒక పేజీలో అటువంటివి ఇరవై ఉంటే కొనుగోలుదారు ఫోను అరవై నుంచి ఎనభై మెగాబైట్లు దించుకోవలసి వస్తుంది. చీర పేజీలో పెద్దగా చూపే ఫోటోకు పొడవు వైపు 1600 పిక్సెళ్లు, వరుసగా అనేక చీరలు కనిపించే పేజీకి 600 పిక్సెళ్లు సాధారణంగా సరిపోతాయి. వీటిని జేపెగ్‌గా 75–80 నాణ్యతతో గానీ, 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ రూపంలో గానీ భద్రపరిస్తే పెద్ద ఫోటో కూడా చాలావరకు 300 కిలోబైట్ల లోపే ఉంటుంది. బ్రౌజర్‌లోనే పనిచేసే స్క్వూష్ అనే ఉచిత సాధనం ఇందుకు చాలు. వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను తనకు నచ్చినట్టు కుదిస్తుంది కనుక, అబ్బాయికి దానిని ‘డాక్యుమెంట్’గా పంపండి.

కొన్ని ఫోన్లు, ముఖ్యంగా 2016 తరువాతి ఐఫోన్లు, వెబ్‌సైట్లలో మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పరిధి కంటే విశాలమైన పరిధిలో ఫోటో తీస్తాయి. ఏ పరిధిలో తీసిందో తెలిపే సమాచారం ఫైలులో ఉంటుంది, దానిని కుదింపులో తొలగిస్తే రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. అందువల్ల ముందు ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ఆ తరువాతే తొలగించమని అబ్బాయికి చెప్పండి. తీసిన చోటి వివరం కూడా ఫైలులో ఉండవచ్చు. ఇంట్లోనే తీస్తున్నారు కనుక దానిని తొలగించడం మంచిది.

ఒక్కో చీరకు మడత, విప్పిన కొంగు, అంచు, నేత దగ్గరి నుంచి కనిపించేలా నాలుగు ఫోటోలు చాలు. చూపు లేనివారి ఫోన్లు చదివి వినిపించేందుకు ‘ఎర్ర అంచు గల ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర’ వంటి వివరణను ఆల్ట్ టెక్స్ట్‌గా చేర్చండి. పెట్టిన తరువాత చీరను పగటి వెలుతురులో పట్టుకుని, రెండు మూడు వేర్వేరు ఫోన్లలో సైట్ తెరిచి పోల్చి చూడండి. తెరలన్నీ ఒకేలా ఉండవు కనుక అన్నిటిలోనూ దగ్గరగా కనిపిస్తే చాలు. పాత ఫోటోలన్నిటినీ ఒకేసారి మార్చనక్కరలేదు. తిరిగి వచ్చిన చీరలతో మొదలుపెట్టండి.